వుకైర్ సంబంధం

మా పెళ్ళయిన పదిహేడేళ్ళకు మా ఆయనకు సంబంధం వచ్చింది.

నవ్వకండి. చూపులు జరిగాయి, పెద్దమనిషి ఇంటికి వచ్చాడు, తీపి డబ్బా వచ్చింది, పెట్టిపోతల మాటలూ నడిచాయి. పిల్లవాడికి అప్పటికి నలభై మూడేళ్ళు. నెత్తిన సగం జుట్టు, ఎడమ మోకాలికి పాత దెబ్బ.

బ్యారెల్ వంద డాలర్లు దాటిందని టీవీలో రోజూ చెబుతున్న చలికాలం అది. ఖతర్‌లో ఎటు చూసినా క్రేన్లే. మెసయీద్‌లో మా కంపెనీ క్వార్టర్ల వెనక పునాదులు దిగ్గొట్టే చప్పుడు ఆగేది కాదు. గాలి అటునుంచి వీస్తే ఎరువుల ఫ్యాక్టరీ ఘాటు కళ్ళను మండించేది. అయినా ఆ రెండు గదులంటే నాకు ప్రాణం. పదిహేడేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్నది మొత్తం కలిపితే నాలుగేళ్ళు. అందులో రెండేళ్ళు ఆ గదుల్లోనే.

మా ఆయన లస్మయ్య టైమ్ కీపర్. పదకొండు వందల మంది హాజరు రాసేది, ఎవరు పగటి డ్యూటీకి, ఎవరు రాత్రి డ్యూటీకి పోవాలో ప్రతి వారం షీటు తయారుచేసేది ఆయనే. కంపెనీ కబడ్డి టీముకు మేనేజరు కూడా ఆయనే. చలికాలం వచ్చిందంటే శుక్రవారాలు కంపెనీల మధ్య కబడ్డి టోర్నమెంటు. ఏ కంపెనీ గుర్తింపు కార్డు, బతాకా, జేబులో ఉంటే ఆ కంపెనీకే ఆడాలి. గేటు దగ్గర కార్డు చూసిగాని లోపలికి వదలరు. ఆటగాళ్ళను ఎగరేసుకుపోవడానికి వీల్లేదు.

వరుసగా మూడేళ్ళు కప్పు మాదే. మా వాళ్ళేమీ వస్తాదులు కారు. అల్ వుకైర్ క్యాంపు టీమును చూస్తే ఒక్కొక్కడూ గుమ్మమంత మనిషి. కానీ మ్యాచ్ ఉన్న వారంలో కూతకు పోయే మల్లన్నకు డబుల్ డ్యూటీ పడకుండా లస్మయ్య చూసేవాడు. ఇంటినుంచి చెడ్డ కబురు వచ్చినవాణ్ణి మొదటి సగంలో దింపేవాడు కాదు. నేను వచ్చాక గురువారం సాయంత్రం టీమంతా మా ఇంట్లోనే తినేది. ఎవడు ఎన్ని రొట్టెలు తిన్నాడు, ఎవడు కంచంలో వేళ్ళు తిప్పుతూ కూర్చున్నాడు అని ఆయన ఒక కంట చూసేవాడు. మర్నాటి ఏడుగురి పేర్లూ ఆ చూపులోనే తేలిపోయేవి.

ఈ సంగతి బయటివాళ్ళెవరికీ తెలియదనుకున్నాం.

సెమీఫైనల్ రోజు మైదానం అంచున కుర్చీలు వేసుకుని మేము నలుగురం ఆడవాళ్ళం కూర్చున్నాం. మల్లన్న కూత పెట్టి పోయాడంటే రెండు వేల గొంతులు ఒక్కసారి మూగపోయేవి, అతను గీత దాటి వచ్చేసరికి భూమి అదిరేది. మాకెదురుగా నీలం కోటు వేసుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా ఆట వైపు చూడలేదు. లస్మయ్యనే చూస్తున్నాడు. లస్మయ్య లేస్తే చూశాడు, ఆటగాడి చెవిలో ఏదో చెబితే చూశాడు, నీళ్ళు తాగితే చూశాడు.

"గా కోటాయన ఎవరు? నీ దిక్కే సూస్తున్నడు, పిల్లనిచ్చేటట్టున్నడు" అన్నాను ఇంటికి వస్తూ.

"హమీదుద్దీన్ సాబ్. వుకైర్ కంపెనీల పెద్ద మనిషి. హైదరాబాదాయన" అన్నాడు లస్మయ్య. ఆ సంగతి అంతటితో వదిలేశాడు.

మరుసటి శుక్రవారం సాయంత్రం ఆ కోటాయన మా ఇంటి తలుపు కొట్టాడు.

చాయ్ తాగాడు. మా గోడలు చూశాడు. మా ఊరేదని అడిగాడు. ఆర్మూర్ దగ్గర అంటే, "అరె, ఆర్మూర్ పసుపు!" అన్నాడు. తర్వాత కప్పు కింద పెట్టాడు.

"లస్మయ్య భాయ్, సీదా మాట చెప్తా. మా కాడ పహిల్వాన్లు ఉన్నరు, ముఖ్ మాఫీ, బుర్ర లేదు. ఆడేటోల్లు ఉన్నరు, ఆడించేటోడు లేడు. మూడేండ్లు మీ చేతిల ఓడినం. మా అర్బాబ్‌కి, మాలిక్‌కి, ఇజ్జత్ కా సవాల్ అయిపోయింది. నువ్వు మా కాడికి వచ్చెయ్."

"నాకు మార్చి దాక కాంట్రాక్టున్నది సాబ్."

"మార్చికెంత దూరం? రిలీజ్ మేం మాట్లాడుకుంటం. టైమ్ కీపర్ కాదు, టైమ్ ఆఫీస్ ఇన్‌ఛార్జ్. వుకైర్ల విల్లా పోర్షన్. బెహన్, మీకు వెనక వాకిలి ఉంటది. ముందల జాగ ఉంటది. మునగచెట్టు పెట్టుకుంటవా, కరివేపాకు పెట్టుకుంటవా, నీ ఇష్టం."

నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను. వాకిలి అన్న మాటకే నాకు గుండెలో గంటలు మోగాయి. నా వంటగదికి కిటికీ ఉండేది కాదు.

లస్మయ్య మాత్రం, "ఫైనల్ కానియ్యండి సాబ్. సూద్దాం" అన్నాడు. పెళ్ళికొడుకు ఇంతకంటే ఏం మాట్లాడతాడు?

ఆయన వెళ్ళాక నేను ఆగలేకపోయాను. "ఏమంటవ్?"

"ఏమంట? మన కంపెనీ రిలీజ్ కాయితం ఇస్తెనే పోవాలె. ఇయ్యకుంట వీసా క్యాన్సిల్ జేసిండ్రనుకో, రెండేండ్లు ఖతర్ మొఖం సూడరాదు. మల్ల నువ్వు ఊర్ల, నేను యాడనో. గీ ముచ్చట ఎవ్వరి ముందట తియ్యకు. ఈసారి ఫైనల్ల వాల్లతోనే ఆట. అర్థమైందా?"

అర్థమైంది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. మాటతో ఏ తప్పూ చేయలేదు నేను.

మర్నాడు హమీదుద్దీన్ సాబ్ డ్రైవరు ఒక స్టీలు డబ్బా తెచ్చాడు. పైన జరీ అంచు గుడ్డ కప్పి ఉంది. ఆయన భార్య మెహర్ సుల్తానా పంపిందట. మూత తీస్తే ఖుబానీ కా మీఠా, మీద మీగడ. లస్మయ్య డ్యూటీలో ఉన్నాడు. డ్రైవరు డబ్బా కోసం కిందనే ఆగాడు.

మా దిక్కున ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. గుప్పెడు బియ్యమన్నా, నాలుగు పచ్చిమిరపకాయలన్నా వేసి పంపుతారు. మా అమ్మ నేర్పింది. అయితే నేను ఆ రోజు పచ్చిమిరపకాయలు వెయ్యలేదు. ముందు రోజే కొబ్బరి, చక్కెర కూరి చేసిన గరిజెలుంటే, విరగనివి ఏరి, డబ్బా అంచుదాకా పేర్చాను. వాళ్ళ గుడ్డే ఉతికి ఆరేసేంత సమయం లేక, నా పెట్టెలోంచి కొత్త జాకెట్ గుడ్డ తీసి కప్పాను. మేము కూడా మర్యాద తెలిసినవాళ్ళమే అని వాళ్ళకు తెలియాలనిపించింది. అబద్ధమెందుకు, ఆ గరిజెలు పేరుస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు వెనక వాకిలి ఉంది.

సాయంత్రం మెహర్ సుల్తానా ఫోన్ చేసింది. ఎప్పుడూ చూడని మనిషి, ఎంత చనువుగా మాట్లాడిందో! "ముబారక్ బెహన్, ముబారక్!" అంది. ఫైనల్‌కు వచ్చినందుకు అనుకున్నాను. "షుక్రియా" అన్నాను.

ఆదివారం పొద్దున లస్మయ్య డ్యూటీకి పోయాడు. పదకొండుకల్లా తిరిగి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చెప్పులు విడవలేదు.

"డబ్బాల ఏం పెట్టి పంపినవ్?" అన్నాడు.

"గరిజెలు."

"గరిజెలు" అని ఆయన కూడా అన్నాడు.

జరిగింది ఇదీ. గరిజెల డబ్బా దోహాలో, అల్ హిలాల్‌లో వాళ్ళింటికి చేరగానే మెహర్ సుల్తానా భర్తకు చెప్పింది, వాళ్ళు ఒప్పుకున్నారని. వాళ్ళ ఖాందాన్‌లో సంబంధం అడిగిన తర్వాత తీపి డబ్బా పంపుతారట. ఇష్టం లేకపోతే డబ్బా కడిగి, నాలుగు ఉప్పు పలుకులు వేసి తిప్పి పంపుతారు. తీపి తిరిగి వస్తే మాట ఖాయం. పైగా కొత్త గుడ్డ కప్పి వచ్చింది! హమీదుద్దీన్ సాబ్ ఆలస్యం చేయలేదు. ఆదివారం ఆఫీసు తెరవగానే వాళ్ళ కంపెనీ కాగితం మీద మా కంపెనీ పెద్దకు, ముదీర్‌కు, ఉత్తరం పోయింది: ఫలానా లస్మయ్య మా దగ్గర చేరడానికి ఒప్పుకున్నాడు, రిలీజ్ ఇప్పించగలరు.

ఫైనల్‌కు అయిదు రోజులుంది.

ముదీర్ మిస్రీ మనిషి, ఈజిప్టువాడు. కబడ్డి నియమాలు ఈనాటికీ ఆయనకు తెలియవు, కానీ కప్పు మాత్రం ఆయన టేబుల్ మీదే ఉండాలి. లస్మయ్యను నిలబెట్టి ఉత్తరం చదివి వినిపించాడట. "ఇంతా, నువ్వు, నా ఉప్పు తిని దుష్మన్ దగ్గర బేరమా?" అన్నాడట. నేను ఒప్పుకోలేదు ముదీర్ అంటే, "మరి వీళ్ళకు పిచ్చా?" అన్నాడట. గరిజెల గురించి మిస్రీవాడికి ఎట్లా చెప్పాలో లస్మయ్యకు తోచలేదు. ఆ వారం డ్యూటీ షీటు ఆయన చేతిలోంచి తీసేసి ఇంకొకరికి ఇచ్చారు. టీము మాత్రం ఫైనల్ దాకా ఉంచారు, అంత తక్కువ సమయంలో ఇంకో మనిషి దొరకక. కప్పు వచ్చాక వీసా సంగతి చూస్తానన్నాడు ముదీర్.

"తిట్టు" అన్నాను నేను.

"తిడితె రిలీజ్ అచ్చేది ఉంటె తిడుదును" అన్నాడు లస్మయ్య. ఆయన నన్ను ఆ రోజూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు.

వారమంతా నా చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాయి. మధ్యాహ్నానికే క్యాంపంతా తెలిసిపోయింది. మెస్ దగ్గర ఎవరో, "లస్మన్నా, బంగ్లాకు సున్నం అయ్యిందా?" అన్నారట. ఇంకెవరో, "ఓడియ్యనీకి ఎంత, గెలిపియ్యనీకి ఎంత?" అన్నారట. కొత్త షీటులో మల్లన్నకు వరుసగా మూడు డబుల్ డ్యూటీలు పడ్డాయి. కావాలని వేశారో, తెలియక వేశారో. మూడు పొద్దులూ కాంక్రీటు పోశాడు.

గురువారం వచ్చింది. నేను ఎప్పటిలాగే పొద్దున్నుంచే మొదలుపెట్టాను. నాలుగు కిలోల మటన్, నలభై జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యింది. ఎవరూ రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా తలుపు దగ్గరికి పోయి చూశాను. పక్కింటివాళ్ళే. లస్మయ్య టీవీ పెట్టుకుని, శబ్దం లేకుండా చూస్తున్నాడు.

"నేను పోయి పిలుచుకస్తా" అన్నాను.

"యాడికి? క్యాంపులకు ఆడోల్లను రానియ్యరు."

"గేటు దాక రానిస్తరు గదా."

గిన్నెల్ని కట్టుకుని టాక్సీలో పోయాను. ఆయన ఆపలేదు, వెంట రానూ లేదు. గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ నన్ను చూసి భయపడ్డాడు. "గౌస్ భాయ్‌ని పిలువు, కప్తాన్‌ను" అన్నాను. గౌస్ మొహియుద్దీన్‌ది కోరుట్ల. క్రేన్ రిగ్గరు. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ రొట్టెలు తిన్నది అతనే. వచ్చాడు. వెనకే మల్లన్న, నర్సింలు, మిగతావాళ్ళు. పదకొండు మందీ గేటు ఇనుప కమ్మీల అవతల నిలబడ్డారు.

"ఎందుకచ్చినవ్ వదినా?" అన్నాడు గౌస్. మొహం నా వైపు లేదు.

"డబ్బా నేను పంపిన. మీ అన్నకు ఎరుక లేదు. గరిజెలు పెట్టి పంపిన, వాల్లు ఔనన్నట్టు అనుకున్నరు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కడిగి ఉప్పు వేసి పంపాలన్న సంగతి దాకా.

"గరిజెలకే రిలీజ్ లెటరా?" అన్నాడు నర్సింలు. ఎవరో ముసిముసిగా నవ్వారు.

గౌస్ నవ్వలేదు. "సచ్ చెప్పు వదినా. ఉత్తగనే పంపినవా?"

అక్కడ అబద్ధమాడితే సరిపోయేది. వాళ్ళు నమ్మేవాళ్ళే.

"ఉత్తగ పంపలే" అన్నాను. "నాకు గా ఇల్లు గావాలె అనిపించింది. వాకిలున్నదన్నడు. గందుకే మంచివి ఏరి పెట్టిన. మీ అన్న సూద్దాం అన్నడు. ఆశ పడ్డది నేను."

మల్లన్న కమ్మీలకు నుదురు ఆనించి నిలబడ్డాడు. మూడు రోజుల సిమెంటు అతని కనుబొమల్లో ఇంకా ఉంది.

"వాకిలి ఎంతుంటదట?" అన్నాడు.

"ఏమో. అడగలే."

"అడగాలె గదా వదినా! కబడ్డి కోర్టు పడుతదో లేదో సూసుకోకుంట సంబంధం ఖాయం జేస్తరా ఎవలన్న?"

అప్పుడు గౌస్ కూడా నవ్వాడు. వాచ్‌మన్ గేటు తీశాడు. నన్ను లోపలికి రానివ్వలేదు, వాళ్ళే బయటికి వచ్చారు. రోడ్డు పక్క ఇసుకలో కూర్చుని తిన్నారు. గౌస్ ఫోన్ తీసి, "లస్మన్నా, ఇంట్ల ఏం జేస్తున్నవ్? రొట్టెలైపోతున్నయ్, యల్లా, జల్ది రా" అన్నాడు.

ఆయన వచ్చాడు. లస్మయ్య నిలబడే మల్లన్న తినడం చూశాడు. మల్లన్న ఎప్పుడూ ఆరు రొట్టెలు తినేవాడు. ఆ రోజు రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని కునికిపాట్లు పడ్డాడు.

ఫైనల్ నాడు మైదానంలో ఇసుక వేస్తే రాలడం లేదు. క్రేన్ల మీద, నీళ్ళ ట్యాంకర్ల మీద, బస్సుల మీద జనం. ఆర్మూరు, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ అన్నీ అక్కడే ఉన్నాయి. మా ముదీర్ ముందు వరుసలో, ఆయన పక్కనే హమీదుద్దీన్ సాబ్. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు, మొహాలు కలుపుకోలేదు.

లస్మయ్య ఏడుగురి పేర్లు చదివాడు. మల్లన్న పేరు లేదు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మల్లన్న పోయి బెంచీ మీద కూర్చున్నాక గోల లేచింది. "అమ్ముడుపోయిండు రో!" అని ట్యాంకర్ మీదనుంచి ఎవడో అరిచాడు. ఆ మాట మైదానమంతా తిరిగింది. "అమ్ముడుపోయిండు! బంగ్లా! బంగ్లా!" ఒక సీసా వచ్చి లస్మయ్య కాళ్ళ దగ్గర పడింది. ముదీర్ లేచి నిలబడ్డాడు. నేను నా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

గౌస్ మాత్రం బెంచీ వైపు చూసి తలూపి గీత దగ్గరికి పోయాడు. మిగతా ఆరుగురూ అతని వెనకే.

మొదటి సగం చూడలేకపోయాను, చూడకుండా ఉండలేకపోయాను. వుకైర్ మనుషులు గోడలు కదిలినట్టు కదులుతున్నారు. మా నర్సింలు ఒకణ్ణి చీలమండ దగ్గర పట్టి ఈడ్చి పడేసినప్పుడు నా పక్కనున్న మలయాళీ నర్సు నన్ను వాటేసుకుంది. అయినా సగానికి పదకొండు, పంతొమ్మిది. ఎనిమిది పాయింట్లు వెనక. బెంచీ మీద మల్లన్న తువ్వాలు మొహాన వేసుకుని నిజంగానే నిద్రపోయాడు! రెండు వేల మంది తిడుతుంటే, ఇరవై నిమిషాలు.

విరామంలో లస్మయ్య అతన్ని లేపి, మొహం మీద నీళ్ళు కొట్టి, పిక్కలు పిసికాడు. "ఇగ పో" అన్నాడు.

ఆ తర్వాతిది చెప్పడం నా వల్ల కాదు. మల్లన్న మొదటి కూతకే ఇద్దరిని తాకి వచ్చాడు. రెండో కూతకు ఒకణ్ణి. వుకైర్ వాళ్ళ కాళ్ళు బరువెక్కాయి, అతని కాళ్ళకు రెక్కలున్నాయి. పద్దెనిమిది, ఇరవై రెండు. ఇరవై అయిదు, ఇరవై ఏడు. ఇందాక బంగ్లా బంగ్లా అన్న నోళ్ళే ఇప్పుడు "మల్లన్నా! మల్లన్నా!" అంటున్నాయి. ముప్పై, ముప్పై. ఆఖరి కూత మాది. ఊరికే పోయి గీత దాటి వచ్చినా చాలు, ఆట సమానమై ఇంకో పది నిమిషాలు దొరికేది. మల్లన్న లోపలికి పోయాడు. చెయ్యి చాపాడు, తాకాడు, తిరిగాడు, దూకాడు. నలుగురు మీద పడ్డారు. అతని వేళ్ళు గీతకు జానెడు దూరంలో ఇసుకను గీరుతూ ఆగిపోయాయి. కూత ఆగిపోయింది.

ముప్పై, ముప్పై ఒకటి.

మల్లన్న లేవలేదు. లస్మయ్య పోయి అతని పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

మర్నాడు, శనివారం సాయంత్రం, హమీదుద్దీన్ సాబ్ మా ఇంటికి వచ్చాడు. ఈసారి మెహర్ సుల్తానా కూడా వచ్చింది. తెల్లగా, పొట్టిగా, నవ్వు మొహం. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "మాఫ్ కరో బెహన్, నాదే గలతీ" అంది. నేను ఆమెకు క్షమాపణ చెప్పుకుందామనుకుంటే, ఆమే ముందు చెప్పేసింది.

హమీదుద్దీన్ సాబ్ జేబులోంచి ఒక కాగితం తీసి లస్మయ్య ముందు పెట్టాడు.

"నీ ముదీర్ కోపం మీద దస్తఖత్ పెట్టేసిండు. 'మ్యాచ్ అమ్మినోడు నాకెందుకు, తీస్కపో' అన్నడు. నేను అల్లా కసమ్ అమ్మలేదని చెప్పిన. వినలేదు. ఏదైతేంది, రిలీజ్ వచ్చింది! ఇట్లాంటి కాయితం ఇంత జల్ది ఎవ్వరికి రాదు లస్మయ్య భాయ్. రేపు సంతకం, ఎల్లుండి ఇంటి చాబీ."

వాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోయారు. కాగితం బల్ల మీద ఉంది. దాని మీద ముద్ర పచ్చగా ఉంది. నేను దాన్ని రెండుసార్లు దగ్గరినుంచి చూశాను. ఇక ఏ భయమూ లేదు. వీసా పోదు, ఎవరూ మమ్మల్ని విడదీయరు, వాకిలి ఉన్న ఇల్లు. నేను కోరుకున్నదంతా నా బల్ల మీదే ఉంది.

"గిది పట్టుకపోతె, మ్యాచ్ అమ్మిన అని నా చేతితోని నేను రాసిచ్చినట్టు" అన్నాడు లస్మయ్య. "పట్టుకపోకుంటె ముదీర్ మార్చిల క్యాన్సిల్ జేస్తడు. మల్ల నువ్వు ఊరికి, నేను యాడికో. నేనొక్కన్ని అయితె ఎట్లనన్న జేద్దును. నువ్వు చెప్పు."

పదకొండు మంది ఇసుకలో కూర్చుని తిన్నది గుర్తొచ్చింది. ఆ రెండు గదులు ఒకసారి చుట్టూ చూసుకున్నాను. లేచి పోయి, బీరువాలోంచి ఆయన తెల్ల షర్టు తీశాను.

"రేపు ముదీర్ దగ్గరికి ఇది ఏసుకపో" అన్నాను. "ఇస్త్రీ చేస్త."

ఆయన నన్ను చూశాడు. కాగితం మడిచి షర్టు జేబు పక్కన పెట్టాడు.

ఆదివారం పొద్దున ఆయన వెళ్ళాక నేను కూర్చోలేదు. గిన్నెలన్నీ తోమాను, తోమినవి మళ్ళీ తోమాను. తొమ్మిదైంది. పది అయింది. అటకమీది సూట్‌కేసు దింపి దుమ్ము దులిపాను, మళ్ళీ ఎక్కించాను. పదిన్నరకు ఫోన్ మోగింది.

"ఏమన్నడు?" అన్నాను. హలో కూడా అనలేదు.

"కాయితం ఆయన ముందట పెట్టిన. నాకొద్దు ముదీర్, నేను పోను అన్న. ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. 'రిలీజ్ కోసం లోకమంతా ఏడుస్తది, నువ్వు తిరిగిస్తవా? ముఖ్ మాఫీ?' అన్నడు."

"ఆ తర్వాత?"

"చాయ్ తెప్పిచ్చిండు. అమ్మినోడైతె ఈ కాయితం తిప్పియ్యడు గదా అన్నడు. తనంతల తనే అన్నడు, నేను అనలే. మల్లన్నను ఎందుకు కూసోపెట్టినవ్ అని ఇప్పుడడిగిండు. మూడు డబుల్ డ్యూటీల షీటు సూపిచ్చిన. షీటు రాసినోన్ని పిలిపిచ్చిండు. వాడు లోపలున్నడు ఇప్పుడు. నాది రెండేండ్లకు కొత్త కాంట్రాక్టు. సంతకం అయింది."

ఫోన్ పెట్టేశాక ఆ గదుల్లో నేను ఎగిరానో, ఏడ్చానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. ఊళ్ళో మా అక్క బాలవ్వకు ఫోన్ చేశాను. బావ సౌదీలో దమ్మామ్ వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. మధ్యలో మూడుసార్లు వచ్చిపోయాడు.

"అక్కా, మాది రెండేండ్లు ఖాయమైంది" అన్నాను.

"గా దుబాయ్‌లనేనా?"

మా ఊరివాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. "ఆ, దుబాయ్‌లనే" అన్నాను.

"జీతం పెరిగిందా? పెద్దిల్లిచ్చిండ్రా?"

"లేదు. పాతిల్లే. అన్నీ పాతయే."

ఫోన్‌లో అక్క వెనక కోళ్ళ చప్పుడు వినిపించింది.

"ఇద్దరు ఒక్కకాడనే ఉంటరా?" అంది.

"ఒక్కకాడనే ఉంటం అక్కా."

"గట్లయితె ఇంకేం గావాల్నే నీకు?" అని అరిచింది మా అక్క, పక్క వాడ దాకా వినబడేట్టు.